నూనె మోసే బరువు

(ఇంజనీరింగ్ విద్యార్థులు, వర్క్‌షాప్ సిబ్బంది ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినబడుతోందా? సరే, అయితే మైకు పక్కన పెట్టేస్తాను. నాకు రెండు చేతులూ కావాలి.

ముందు ఈ రెండు ఉక్కు దిమ్మెలు చూడండి. వీటిని స్లిప్ గేజ్‌లు అంటారు. మెషిన్ షాపులో కొలతలు సరిచూసుకోవడానికి వాడేవి. వీటి మీద మొహం చూసుకోవచ్చు, అంత నునుపు. మామూలుగా మన లెక్క ఏమిటి? గరుకుగా ఉంటే రాపిడి ఎక్కువ, నునుపుగా ఉంటే తక్కువ. ఆ లెక్కన ఈ రెండూ ఒకదాని మీద ఒకటి జర్రున జారిపోవాలి. ఇప్పుడు ఒకదాన్ని రెండోదాని మీద అడ్డంగా పెట్టి, కాస్త నొక్కుతూ తిప్పాను. పై దిమ్మెను పట్టుకుని ఎత్తుతున్నాను. కిందది కూడా లేచి వచ్చేసింది. బాబూ, నువ్వు రా, లాగి విడదియ్యి చూద్దాం. (ముందు వరసలోని విద్యార్థి లాగుతాడు, రాదు. నవ్వులు.) చూశారుగా. జిగురు లేదు, అయస్కాంతం లేదు. ముఖాల మీద మిగిలిన కాస్తంత తేమ, నూనె, వాటికి తోడు అణువుల మధ్య ఉండే ఆకర్షణ, అంతే. అసలు ఆ తేమ, ఆ తుప్పు పొర లాంటివి కూడా లేకుండా ఒకే జాతి లోహాలను శూన్యంలో ఒకదానికొకటి ఆనించి నొక్కితే, వెల్డింగ్ చేసినట్టు ఒకటైపోతాయి.

కాబట్టి సానపట్టి సానపట్టి రాపిడిని వదిలించుకుందాం అనే ఆలోచన కొంత దూరమే పనికొస్తుంది. ఆ తర్వాత మధ్యలోకి ఇంకేదో దూరాలి. ఈ రోజు నా కబుర్లన్నీ ఆ దూరేదాని గురించే. ఒక్క మాట ముందే చెప్పేస్తాను, తర్వాత దాని చుట్టూ తిరుగుతాను. నూనె వేసేది జారడానికి అని మనందరి నమ్మకం. ముప్పై ఏళ్లు ఈ పనిలో ఉన్నాక నాకు అర్థమైంది, నూనె అసలు పని బరువు మొయ్యడం. షాఫ్టు, అంటే తిరిగే ఇరుసు, దాని బరువు దాన్ని పట్టి ఉంచే బేరింగ్ మీద పడకుండా మధ్యలో తను నిలబడి మోస్తుంది. జారడం అనేది దాని వెంట వచ్చే లాభం.

రాపిడి లెక్కలు చాలా పాతవి. లియొనార్డో డావించి 1493 ప్రాంతంలోనే తన నోటు పుస్తకాల్లో దిమ్మెలు లాగే బొమ్మలు వేసుకున్నాడు. బరువు రెట్టింపైతే రాపిడి రెట్టింపు అవుతుందనీ, దిమ్మెను పడుకోబెట్టి లాగినా నిలబెట్టి లాగినా రాపిడి మారదనీ గమనించాడు. ఆయన అచ్చు వేయించలేదు, ఆ కాగితాలు అలాగే ఉండిపోయాయి. రెండు వందల ఏళ్ల తర్వాత, 1699లో గియోమ్ అమాంటన్ అనే ఫ్రెంచి ఆయన మళ్లీ అదే కనిపెట్టి ప్రకటించాడు. అందుకే పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరుంటుంది. ఆ తర్వాత కూలుంబ్, కరెంటు చదివిన వాళ్లకు తెలిసిన కూలుంబే, 1780ల్లో కదలక ముందు ఉండే రాపిడికీ, కదులుతున్నప్పుడు ఉండే రాపిడికీ తేడా స్పష్టం చేశాడు.

వీటిలో నన్ను కుర్రతనంలో చాలాకాలం సతాయించింది ఆ రెండో సంగతి. ఆనే చోటు పెరిగితే రాపిడి ఎందుకు పెరగదు? ఎక్కువ చోట తగిలితే ఎక్కువ పట్టుకోవాలి కదా? జవాబు కావాలంటే ఉక్కు ముఖాన్ని బాగా దగ్గరగా చూడాలి. మనకు అద్దంలా కనిపించేది నిజానికి కొండలు, లోయలు. రెండు ముఖాలు ఒకదాని మీద ఒకటి పెడితే ఆనేది కొన్ని కొండల కొసలు మాత్రమే. ఆ కొసలు బరువుకు నలిగిపోతూ, ఇక నలగక్కర్లేదు అన్నంత వెడల్పయ్యే దాకా అణుగుతాయి. మెత్తని ఉక్కు గట్టిదనం చదరపు మిల్లీమీటరుకు వంద కిలోల పైచిలుకు. అంటే వంద కిలోల బరువున్న ఉక్కు దిమ్మెను ఉక్కు బల్ల మీద పెడితే, అది నిజంగా తగిలే చోటు మొత్తం కలిపి సుమారు ఒక చదరపు మిల్లీమీటరు! దిమ్మె అడుగు అరచేయంత ఉన్నా, మంచమంత ఉన్నా అంతే. బరువు పెరిగితే ఇంకొన్ని కొసలు నలుగుతాయి, తగిలే చోటు పెరుగుతుంది, రాపిడీ పెరుగుతుంది. దిమ్మె వెడల్పుకు ఇందులో పాత్రే లేదు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో కేంబ్రిడ్జిలో బౌడెన్, టేబర్ అనే ఇద్దరు దీన్ని ప్రయోగాలతో తేల్చారు.

ఆ ఒక్క చదరపు మిల్లీమీటరులో ఏం జరుగుతుందో ఊహించుకోండి. కొసలు అతుక్కుంటాయి, లాగితే తెగుతాయి. తెగేటప్పుడు ఒకదాని ముక్క రెండోదానికి అంటుకుని వచ్చేస్తుంది. మనం అరుగుదల అనేది అదే. వేడి పెరిగి అతుకులు ఎక్కువై తెగడం మానేస్తే, వర్క్‌షాపు భాషలో ‘పట్టేసింది’ అంటాం.

ఇప్పుడు నూనె దగ్గరికి వద్దాం. మన భాషలో దీనికి ‘కందెన’ అనే చక్కని మాట ఉంది. బండి ఇరుసుకు పూసే నల్లటి జిడ్డుకు పుట్టిన పేరు, పుస్తకాల వాళ్లు తీసుకుని లూబ్రికెంట్ అన్నదానికంతటికీ పెట్టారు. నాకైతే ఆ మాట ఇష్టం. కానీ వేల ఏళ్లు ఇరుసులకు కందెన పూసినా, లోపల అది ఏం చేస్తోందో 1883 దాకా ఎవరికీ తెలియదు. తెలిసిన తీరు కూడా తమాషాగానే ఉంటుంది.

బీచమ్ టవర్ అని ఇంగ్లండులో ఒక ఇంజనీరు. మెకానికల్ ఇంజనీర్ల సంస్థ వాళ్లు ఆయనకు రైలు ఇరుసు బేరింగుల మీద ప్రయోగాలు చేసే పని అప్పజెప్పారు. ఆయన దగ్గరున్న ఏర్పాటు ఇది: నాలుగు అంగుళాల లావు షాఫ్టు తిరుగుతుంటుంది. దాని నెత్తిన సగం టోపీలా ఒక ఇత్తడి బేరింగు, దాని మీద బరువు. షాఫ్టు అడుగు భాగం నూనె తొట్టిలో మునిగి ఉంటుంది, తిరుగుతూ తనకు కావలసిన నూనె తనే పైకి తెచ్చుకుంటుంది. అంతా బాగానే నడిచింది. తర్వాత వేరే పద్ధతిలో నూనె పోసి చూద్దామని ఆ ఇత్తడి టోపీ నడినెత్తిన అరంగుళం బెజ్జం వేశాడు, పై నుంచి నూనె బొట్లు వేయడానికి. మళ్లీ తొట్టి పెట్టి మిషను నడిపితే, ఆ బెజ్జంలోంచి నూనె పైకి ఉబికి వచ్చి కారడం మొదలుపెట్టింది.

ఆగి ఆలోచించండి. పై నుంచి పొయ్యడానికి పెట్టిన బెజ్జంలోంచి కింద నుంచి పైకి వస్తోంది. టవర్ మొదట విసుక్కుని ఉంటాడు, చోటంతా జిడ్డు. ఒక బిరడా పెట్టాడు. బిరడా లేచి వచ్చేసింది. చెక్క మేకు ఒకటి చేయించి సుత్తితో దిగ్గొట్టాడు. అది కూడా మెల్లగా బయటికి జరుగుతూ వచ్చేసింది. అప్పుడు వెలిగింది ఆయనకు. ఆ బెజ్జానికి ప్రెజర్ గేజి బిగించాడు. బేరింగు మీద వేసిన బరువును దాని వైశాల్యంతో భాగిస్తే చదరపు అంగుళానికి వంద పౌండ్లు. గేజి రెండు వందల దాకా చూపించగలదు. ముల్లు రెండు వందలు దాటి కొసకు కొట్టుకుంది. అంటే లోపల నూనె ఉత్తినే తడిగా పూసుకుని లేదు, బరువు మొత్తాన్ని తన మీద ఎత్తుకుని ఉంది. ఇత్తడి, ఉక్కు ఒకదానికొకటి తగలడమే లేదు.

నాకు ఈ ముచ్చటలో నచ్చేది ఆ చెక్క మేకు. నేనైతే ఇంకా గట్టి మేకు కొట్టి ఊరుకునేవాణ్ణేమో.

ఆ ఒత్తిడి ఎక్కడి నుంచి వచ్చిందో 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ లెక్కగట్టి చూపించాడు. నీళ్ల గొట్టాల్లో రేనాల్డ్స్ నంబరు అని చదువుకున్నారే, ఆయనే. సమీకరణం జోలికి నేను వెళ్లను, మీ పుస్తకంలో ఉంది. విషయం మాత్రం తేలిక. నూనె రెండు ముఖాలకీ అంటుకుని ఉంటుంది. షాఫ్టు తిరిగితే తనతో పాటు నూనెను లాక్కుపోతుంది. షాఫ్టు బేరింగులో సరిగ్గా నడిమధ్య ఉండదు, బరువుకు ఒక పక్కకు జరిగి ఉంటుంది. అంటే సందు ఒకచోట వెడల్పు, పోను పోను ఇరుకు. వెడల్పు చోట లోపలికి దూరిన నూనె ఇరుకు చోటుకు చేరేసరికి పోవడానికి దారి చాలదు. వెనక్కి పోదామంటే వెనక నుంచి ఇంకా నూనె తోసుకొస్తోంది. అలా నూనె చీలికలాగా, మొద్దులోకి దిగ్గొట్టిన ఇనుప చీలలాగా సందులోకి దిగి షాఫ్టును పైకి ఎత్తుతుంది. పంపు లేదు. తిరిగే షాఫ్టే పంపు.

దీన్ని మీలో చాలామంది తెలియకుండానే అనుభవించి ఉంటారు. జోరు వానలో, రోడ్డు మీద నీళ్లు నిలిచినప్పుడు కారు వేగంగా పోతుంటే ఒక్కసారిగా స్టీరింగ్ తేలికైపోతుంది, బ్రేకు వేసినా బండి మాట వినదు. టైరు ముందు నీళ్లు చీలికలా దిగి టైరును రోడ్డు మీంచి ఎత్తేశాయన్నమాట. రేనాల్డ్స్ చెప్పిన ఎత్తుడే, మనకు అక్కర్లేని చోట వచ్చింది. టైర్ల మీద గాళ్లు ఉండేది నీళ్లకు పక్కదారి ఇచ్చి ఈ చీలిక ఏర్పడకుండా చెయ్యడానికే. గాళ్లు అరిగిపోతే దారి మూసుకుపోతుంది. వేగం తగ్గిస్తే టైరు మళ్లీ నేల మీద ఆనుతుంది, ఎందుకంటే వేగం లేకపోతే చీలిక లేదు.

ఆ చివరి మాట గుర్తుపెట్టుకోండి. వేగం ఉంటేనే పొర ఉంటుంది. 1902లో జర్మనీలో రిచర్డ్ స్ట్రైబెక్ బేరింగుల మీద చేసిన కొలతలు దీన్ని గీత గీసి చూపించాయి. ఆగి ఉన్న షాఫ్టును తిప్పడం మొదలుపెడితే మొదట రాపిడి ఎక్కువ, ఎందుకంటే కొసలు కొసలు తగులుతున్నాయి. వేగం పెరిగే కొద్దీ నూనె కొంత బరువు ఎత్తుకుంటుంది, రాపిడి దబ్బున పడిపోతుంది. ఒక చోట అన్నిటికంటే తక్కువకు చేరుతుంది. దాన్ని దాటి ఇంకా వేగం పెంచితే రాపిడి మళ్లీ నెమ్మదిగా పెరుగుతుంది. ఎందుకు? ముఖాలు తగలడం లేదుగా? తగలడం లేదు గానీ, నూనె పొరలు ఒకదాని మీద ఒకటి జరగడానికి కూడా శక్తి కావాలి. నూనెకు తన లోపలి రాపిడి ఉంది. దాన్నే పుస్తకంలో స్నిగ్ధత అంటాం, నోటి మాటలో చిక్కదనం. అంకెల్లో చెప్పాలంటే, నూనె లేకుండా ఉక్కు మీద ఉక్కు రాపిడి గుణకం, అంటే మీద ఉన్న బరువులో రాపిడి ఎన్నో వంతో చెప్పే అంకె, 0.6, 0.7 ఉంటుంది. జిడ్డు మాత్రం ఉండి కొసలు తగులుతుంటే 0.1 దగ్గర. నూనె పూర్తిగా ఎత్తేశాక 0.001 నుంచి 0.005 దాకా దిగుతుంది. వందల రెట్ల తేడా. ఇదంతా చేసేది కొన్ని మైక్రాన్ల నుంచి కొన్ని పదుల మైక్రాన్ల మందం ఉన్న పొర. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు.

కాబట్టి చిక్కటి నూనె పోస్తే మేలు కదా అనే మాటకు జవాబు ఇక్కడే ఉంది. చిక్కటి నూనె బరువు బాగా ఎత్తుతుంది, నిజమే. కానీ తనని తాను తోసుకోవడానికే ఇంజిన్ శక్తి తినేస్తుంది, ఆ శక్తి వేడిగా మారుతుంది, ఆ వేడికి నూనె పల్చబడుతుంది. మామూలు యంత్రాల నూనె తీసుకోండి, డబ్బా మీద వీజీ 100 అని ఉండేది. ఆ 100 అంటే 40 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం. అదే నూనె 100 డిగ్రీలకు చేరితే 11 దగ్గరికి పడిపోతుంది, తొమ్మిదో వంతు! ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటుంది. ఆ డబ్ల్యూ వెయిట్ అనుకుంటారు చాలామంది, కాదండీ, వింటర్. చలిలో 5 గ్రేడు నూనెలా పారుతుంది, ఇంజిన్ వేడెక్కాక 30 గ్రేడు నూనెలా ఉంటుంది. పల్చటి నూనెలో పొడవాటి పాలిమర్ అణువులు కలిపి, వేడిలో మరీ నీళ్లలా కాకుండా కాపు కాస్తారు. ఆ పాలిమర్ గొలుసులు గేర్ల మధ్య నలిగి నలిగి తెగిపోతుంటాయి, ఆయిల్ మార్చాల్సిన కారణాల్లో అదొకటి.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్త, నైట్ షిఫ్ట్. ఒక పెద్ద మోటారు బేరింగు వేడెక్కుతోంది, హౌసింగ్ మీద చెయ్యి పెడితే ఆగట్లేదు. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే, గ్రీజు గన్ తీసుకుని పట్టించాను. పది నిమిషాలు చల్లబడ్డట్టు అనిపించింది, మళ్లీ వేడి. మళ్లీ పట్టించాను. ఈసారి ఇంకా వేడి. టెన్షన్‌తో చెమటలు పట్టాయి. మా ఫోర్‌మన్ వచ్చి, ఒక్క మాట అనకుండా స్పానరు తీసుకుని కింది డ్రెయిన్ ప్లగ్ విప్పాడు. మోటారు తిరుగుతూనే ఉంది, గ్రీజు పేగులా బయటికి వస్తూనే ఉంది. అరగంటలో చల్లబడింది. “తిండి లేక జబ్బు పడ్డదనుకున్నావా, తిని జబ్బు పడ్డదిరా అది” అన్నాడు. బేరింగు లోపలి ఖాళీలో మూడో వంతు నుంచి సగం దాకా నిండితే చాలు. నిండా కూరితే లోపల దొర్లే ఉక్కు గోళీలు ప్రతి చుట్టుకీ ఆ ముద్దను కలుపుతూ, పిసుకుతూ పోవాలి, వేడి దానంతట అదే పుడుతుంది. గ్రీజు అంటే నూనె కాదనుకుంటారు గానీ, దానిలో ఎక్కువ భాగం నూనే. లిథియం లాంటి లోహపు సబ్బు పీచుల్లో, స్పాంజిలో నీళ్లలా నూనె ఇరుక్కుని ఉంటుంది, కొద్దికొద్దిగా ఊరుతూ బేరింగుకు అందుతుంది.

అసలు అందకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. 2000 జనవరి 31న అలాస్కా ఎయిర్‌లైన్స్ 261 విమానం పసిఫిక్ సముద్రంలో కూలి 88 మంది పోయారు. తోక రెక్కను పైకీ కిందికీ తిప్పే పెద్ద స్క్రూ, దాని మీద కంచు నట్టు. స్క్రూకు గ్రీజు సరిగా అందక నట్టు మర అరిగి అరిగి చివరికి ఊడిపోయింది. దర్యాప్తు తేల్చిన కారణం అదే. బయటికి తీసిన స్క్రూ మీద పనికొచ్చే గ్రీజు ఆనవాలు కూడా లేదు.

ఇప్పటిదాకా చెప్పిందంతా నూనె పొర మందంగా నిలబడ్డప్పటి సంగతి. నిలబడని చోట్ల సంగతి? పిస్టన్ పైకి వెళ్లి ఒక్క క్షణం ఆగి కిందికి తిరుగుతుంది. ఆ ఆగిన క్షణంలో వేగం సున్నా, చీలిక సున్నా. అక్కడ పని చేసేది ఇంకో రకం కాపు. 1920ల మొదట్లో విలియం హార్డీ దాన్ని బయటపెట్టాడు. కొవ్వు ఆమ్లాల అణువులకు ఒక తల, ఒక తోక ఉంటాయి. తల లోహాన్ని పట్టుకుంటుంది, తోక బయటికి నిలబడి ఉంటుంది. అలా కోట్ల అణువులు పక్కపక్కన నిలబడితే బ్రష్షు కుచ్చులా ఒక పొర. దాని ఎత్తు రెండు మూడు నానోమీటర్లు, అంటే మైక్రాన్‌లో సుమారు నాలుగు వందలో వంతు. ఆ ఒక్క వరస అణువులు చాలు, కొస కొస అతుక్కోకుండా ఆపడానికి. పుల్లలు నిలబెట్టినంత సన్నటి కాపలా అది, వేడెక్కితే కుచ్చు ఊడిపోతుంది.

అందుకని ఇంజిన్ ఆయిల్‌లో ఇంకా మొండిదాన్ని కలుపుతారు. జింకు, ఫాస్ఫరస్, సల్ఫర్ ఉన్న ఒక పదార్థం, పొట్టిగా జెడ్‌డీడీపీ అంటారు. 1940ల నుంచి వాడుతున్నారు. మొదట దాన్ని వేసింది నూనె పాడవకుండా, బేరింగు తుప్పు పట్టకుండా. అరుగుదల కూడా తగ్గుతోందని తర్వాత గమనించారు. ఇది చేసే పని భలేగా ఉంటుంది. ఎక్కడ కొసలు గట్టిగా రుద్దుకుని వేడి పుడుతుందో అక్కడే అది విడిపోయి, లోహం మీద గాజులాంటి పెచ్చు కడుతుంది. మందం 100 నానోమీటర్ల దగ్గర. రుద్దుడుకు ఆ పెచ్చు అరుగుతుంది, మళ్లీ కడుతుంది. లోహానికి బదులు అది అరుగుతుందన్నమాట. నాకు తెలిసిన ఏ పెయింటుకూ ఈ తెలివి లేదు. చిక్కేమిటంటే, అందులోని ఫాస్ఫరస్ పొగగొట్టంలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది, కనుక ఎంత కలపాలో హద్దు పెట్టారు. దానికి బదులు వెతుకుతూనే ఉన్నారు.

బాల్ బేరింగు సంగతి వేరు. గోళీ, దాని గాడి తగిలే చోటు చిన్న చుక్కంత. ఆ చుక్క మీద ఒత్తిడి వాతావరణ పీడనానికి పది వేల రెట్లు, ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది. అంత ఒత్తిడిలో నూనె పిండుకుని పారిపోవాలి, న్యాయంగా. పారిపోదు. ఆ ఒత్తిడికి నూనె లక్షల రెట్లు చిక్కబడి, దాదాపు గట్టి పదార్థంలా మారిపోతుంది. పారిపోదామనుకునే లోపే గోళీ దొర్లి దాటిపోతుంది. అంతేకాదు, ఉక్కు కూడా ఆ చుక్కలో కాస్త అణిగి నూనెకు చోటిస్తుంది. ఒక మైక్రాన్ కంటే తక్కువ మందం, అయినా పొర పొరే. ఈ లెక్కలు కుదిరింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే, డౌసన్, హిగ్గిన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక కొలిక్కి తెచ్చారు. అంతకుముందు వరకు బాల్ బేరింగులో నూనె పొర ఉండడం లెక్కకు అందేది కాదు, బేరింగులు మాత్రం హాయిగా తిరుగుతూనే ఉండేవి!

నూనే కావాలని కూడా లేదు. చీలిక సూత్రం పారే దేనికైనా వర్తిస్తుంది. ఆల్బర్ట్ కింగ్స్‌బరీ అనే అమెరికన్ 1890ల్లో ఉత్త గాలి మీద తేలే బేరింగు చేసి చూపించాడు. కంప్యూటరు హార్డ్ డిస్కులో చదివే తల, తిరిగే పళ్లెం మీద గాలి పొర మీదే తేలుతుంది, కొన్ని నానోమీటర్ల ఎత్తులో. ఇదే కింగ్స్‌బరీ తర్వాత జల విద్యుత్ టర్బైన్లకు పలకల బేరింగు చేశాడు. పలకలు కాస్త వాలేలా విడివిడిగా అమర్చి, ప్రతి పలక తన చీలికను తనే తయారుచేసుకునేలా. ఆస్ట్రేలియాలో మిచెల్ అనే ఆయన కూడా విడిగా ఇదే కనిపెట్టాడు. 1912లో పెన్సిల్వేనియాలోని హోల్ట్‌వుడ్ కేంద్రంలో పెట్టిన కింగ్స్‌బరీ బేరింగు దాదాపు 200 టన్నులు మోస్తూ పని చేసింది, దశాబ్దాల తర్వాత విప్పి చూస్తే అరుగుదల పేరుకు మాత్రమే ఉంది. తగలనిది అరగదు కదా.

అంతరిక్షంలో నూనె ఆవిరైపోతుంది, చలికి గడ్డకడుతుంది. అక్కడ మాలిబ్డినం డైసల్ఫైడ్ లాంటి పొడి కందెనలు. పేకముక్కల కట్టలా పొరలు పొరలుగా ఉండి, ముక్క మీద ముక్క జారుతుంది. గ్రాఫైటూ అలాంటిదే గానీ, దానికి గాలిలో తేమ ఉండాలి, శూన్యంలో గరగరలాడుతుంది. గురుగ్రహానికి వెళ్లిన గెలీలియో నౌక కథ వినే ఉంటారు. 1989లో బయల్దేరింది, 1991లో గొడుగులా విచ్చుకోవాల్సిన పెద్ద యాంటెన్నా సగంలో ఇరుక్కుపోయింది. ఛాలెంజర్ స్పేస్ షటిల్ ప్రమాదం వల్ల ప్రయోగం వాయిదా పడి, ఆ నౌకను కాలిఫోర్నియా, ఫ్లోరిడాల మధ్య లారీలో తిప్పారు. ఆ కుదుపులకు గొడుగు ఊచల దగ్గర పొడి కందెన రాలిపోయి ఉంటుందని తేల్చారు. మళ్లీ పూసిన వాళ్లు లేరు. ఆ నౌక చివరిదాకా చిన్న యాంటెన్నాతోనే నెట్టుకొచ్చింది, చాలా నెమ్మదిగా సమాచారం పంపుతూ.

ఇక మొదట్లో గుర్తుపెట్టుకోమన్న మాట దగ్గరికి. వేగం ఉంటేనే పొర. అయితే ఆగినప్పుడు? రాత్రంతా ఆగిన ఇంజిన్‌లో నూనె కిందికి జారి ఉంటుంది, షాఫ్టు బేరింగు మీద కూర్చుని ఉంటుంది. పొద్దున్నే తాళం తిప్పిన ఆ మొదటి కొన్ని క్షణాలు కుచ్చు పొర, జింకు పెచ్చు, అవే దిక్కు. స్టార్ట్ చెయ్యగానే యాక్సిలరేటర్ తొక్కి గుర్రుమనిపించే వాళ్లను చూస్తే నాకు పళ్లు జిల్లుమంటాయి. పెద్ద టర్బైన్లలో ఈ గండం దాటడానికి జాకింగ్ పంపు పెడతారు. షాఫ్టు కదలకముందే కింద నుంచి అధిక ఒత్తిడితో నూనె ఎక్కించి, పదుల టన్నుల రోటరును కొన్ని పదుల మైక్రాన్లు పైకి లేపి, అప్పుడు తిప్పుతారు. దీన్ని ఎప్పుడూ ఆగనివ్వకుండా వాడితే ఎలా ఉంటుందో కాలిఫోర్నియాలో పాలొమార్ కొండ మీదున్న హేల్ టెలిస్కోపు చూపిస్తుంది. 1948లో మొదలైంది. కదిలే భాగం 500 టన్నుల దాకా, నూనె మెత్తల మీద తేలుతుంది. దాన్ని నక్షత్రం వెంట తిప్పడానికి ఒక హార్స్‌పవర్‌లో పన్నెండో వంతు మోటారు చాలు. మిక్సీ మోటారు ఇంకా పెద్దది.

డబ్బు, ఇంధనం లెక్కలు అడుగుతారని తెలుసు, రెండు అంకెలు చెప్పి వదిలేస్తాను. 1966లో బ్రిటన్‌లో పీటర్ జోస్ట్ నివేదిక, సరైన కందెన వాడకంతో ఆ దేశానికి ఏటా 51.5 కోట్ల పౌండ్లు మిగులుతాయని అంచనా వేసింది. రాపిడి, అరుగుదల, కందెనల శాస్త్రానికి ట్రైబాలజీ అనే పేరు వాడుకలోకి వచ్చింది అక్కడే, రుద్దడం అనే గ్రీకు మాట నుంచి. 2017లో హోల్మ్‌బెర్గ్, ఎర్డెమిర్ అనే పరిశోధకులు వేసిన లెక్క ప్రకారం ప్రపంచం వాడే శక్తిలో 23 శాతం రాపిడి, అరుగుదలల పద్దులో పోతోంది. ఆ ఇరవై మూడులో ఇరవై రాపిడిని దాటడానికే.

ఒకటి రెండు ప్రశ్నలకు టైముంది. చెప్పమ్మా.

(ప్రశ్న: సార్, ఆయిల్ నల్లబడితే పాడైపోయినట్టేనా?)

అందరూ అడిగేదే అడిగావు, మంచిదే. రంగు ఒక్కటే చూసి చెప్పలేం. ఇంజిన్ ఆయిల్‌లో మసిని విడదీసి తేలియాడించే పదార్థాలు ఉంటాయి. నల్లబడిందంటే అవి మసిని పట్టుకుని గోడలకు అంటనివ్వడం లేదని అర్థం, పని చేస్తోందన్నమాట. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ పోసిన కాసేపటికే నల్లబడుతుంది. మేం వర్క్‌షాపులో చేసేది చెప్తాను. వడపోత కాగితం ఒకటి తీసుకుని, డిప్‌స్టిక్ కొస నుంచి ఒక్క బొట్టు దాని మీద వెయ్యి. కొన్ని గంటలు కదపకుండా ఉంచు. మసి మధ్యలోంచి అంచు దాకా బూడిదరంగులో పల్చగా పాకితే, ఇంకా మోసుకుపోగల శక్తి ఉన్నట్టు. మధ్యలో తారులాంటి నల్లటి చుక్క, దాని అంచు కత్తితో కోసినట్టు, చుట్టూ ఉత్త నూనె వలయం, ఇలా ఉంటే మాత్రం మసి గడ్డలు కట్టేస్తోంది, మార్చెయ్యాలి. నీళ్లు కలిశాయేమో అని అనుమానం ఉంటే హాట్ ప్లేట్ మీద ఒక బొట్టు వెయ్యి. నీళ్లు ఉంటే చిటపటమంటుంది. కళ్లద్దాలు పెట్టుకుని వెయ్యి, మొహం దగ్గరగా పెట్టకు.